విమానమెక్కకుండా ఊళ్లోనే పురుడు: అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

కెనడా ఉత్తరాన, రోడ్డు లేని ఓ ఇన్యూట్ (ఆర్కిటిక్ ఆదివాసుల) ఊళ్లో నర్సుని. నెలలు నిండకముందే గర్భిణుల్ని దక్షిణాన సిటీకి విమానంలో పంపేస్తారు. మొన్న ఒకావిడ సంచిలో గడ్డకట్టిన చార్ చేప ముక్కలు సర్దుకుంటుంటే, రెండేళ్ల పిల్ల ఆవిడ కోటు వదల్లేదు. మనకి పుట్టింటి పురుడు ఎంతో, వీళ్లకి సొంతూరూ అంతే కదండీ!

క్యూబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లో పువిర్నిటుక్‌లో 1986 నుంచి, ఇనుక్‌జువాక్‌లో 1998 నుంచి అక్కడే శిక్షణ పొందిన ఇన్యూట్ మిడ్‌వైఫ్‌లు పురుళ్లు పోస్తున్నారు. అక్కడ పనిచేసినవాళ్లెవరైనా ఉన్నారా? ఎవర్ని ఊళ్లో ఉంచాలో, ఎవర్ని పంపాలో ఎలా తేలుస్తారు? మంచుతుఫానులో రక్తస్రావం మొదలై విమానం రాకపోతే? ఇండియాలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన నాకు ఇక్కడ మిడ్‌వైఫ్ లైసెన్సు లేదు. ఊరి అమ్మాయిలు నేర్చుకుంటామంటున్నారు, మొదట ఎవర్ని కలవాలి?