పాప కార్ సీటు కొనాలి, ఈ పేర్ల తేడా కాస్త చెప్తారా?

అందరికీ నమస్కారం. మా పాపకు 11 నెలలు, 9 కిలోల పైనే, పొడవు 73 సెంటీమీటర్లు. ఇన్నాళ్లూ కార్లో వాళ్లమ్మ ఒళ్లోనే. మొన్న విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక గేదె అడ్డొచ్చి బ్రేక్ కొడితే పాప తల ముందు సీటుకు తగలబోయింది. వాళ్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

సీటు కొందామంటే పేర్ల దగ్గరే ఆగిపోయాను. ఒకదాని మీద ‘గ్రూప్ 0+, 1’, 18 కిలోల వరకు అని ఉంది. ఇంకోదాని మీద ‘ఐ-సైజ్, ఆర్129’ అని రాసి, బరువు కాకుండా పొడవు లెక్క ఇచ్చారు. డల్లాస్‌లో ఉన్న మా అక్కేమో ‘వెనక్కీ ముందుకీ తిప్పి పెట్టుకునే కన్వర్టిబుల్ సీటు తీసుకోరా, దాన్ని కారుకు తగిలించే లాచ్ ఉందో లేదో చూసుకో’ అంటోంది. మా కారు వెనక సీటు సందులో వేళ్లు పెట్టి తడిమితే రెండు ఇనప కడ్డీలు తగిలాయి, పక్కన ‘ఐసోఫిక్స్’ అని గుర్తుంది. అక్క చెప్పే లాచ్ ఇదేనా? అక్కడి సీటు తెప్పిస్తే వీటికి పడుతుందా?

ఇంకోటి. ఐ-సైజ్‌లో 15 నెలలు దాటేదాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలట. పాత గ్రూపుల లెక్కలో 9 కిలోలకే ముందుకు తిప్పొచ్చట. నాకైతే వెనక్కే ఉంచాలనుంది. షాపతను మాత్రం బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పడేలా పెద్ద పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) తీసుకోండి, చాలా ఏళ్లు వస్తుందన్నాడు. ఇంత చిన్న పిల్లకు బూస్టర్ ఏంటండీ?

వాడినవాళ్లు దయచేసి చెప్పండి. సంక్రాంతికి మళ్లీ ఊరెళ్లాలి.