ఇంజిన్ విప్పి మళ్ళీ కట్టాక గేర్‌బాక్స్ దగ్గర నూనె చుక్కలు: వెనక సీలు తప్పా, లోపలి ఒత్తిడా?

డీజిల్‌బండి:
1.3 డీడీఐఎస్ ఇంజిన్ (1,248 సీసీ మల్టీజెట్, పాత స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చేది). పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, క్రాంక్ ముందూ వెనకా సీళ్లు, టర్బో కోర్ అన్నీ కొత్తవి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున నూనె దిగుతోంది. ఐడిల్‌లో దాదాపు లేదు, హైవే మీద తోలి ఆపితే బాగా పడుతోంది. గేర్‌బాక్స్ దించి వెనక సీలు మళ్ళీ వేద్దామని షెడ్డులో అంటున్నారు. అంతకు ముందు చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

రింగ్‌గ్యాప్:
ఇప్పుడే దించనివ్వకండి. లోడు మీద ఎక్కువ, ఐడిల్‌లో తక్కువ అంటే ముందు అనుమానించాల్సింది క్రాంక్‌కేసు (క్రాంక్ తిరిగే ఇంజిన్ అడుగు భాగం) లోపలి ఒత్తిడిని. కొత్త రింగులు ఇంకా కూర్చోలేదు, పక్కల నుంచి గ్యాసు కిందికి జారుతుంది. బ్రీదర్ (ఆ గ్యాసుని ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్ వైపు పంపే గొట్టం) దారి సరిగా లేకపోతే ఆ గ్యాసు సీళ్ల మీద పడుతుంది. ఆ పరిస్థితిలో కొత్త సీలు వేసినా అదీ కారుతుంది.

కొలవడానికి ఖరీదైన గేజీ అక్కర్లేదు. పారదర్శకమైన గొట్టం రెండు మీటర్లు తీసుకుని పలకకి యు ఆకారంలో కట్టండి, సగం దాకా నీళ్లు పోయండి, ఒక కొసని డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా బిగించండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో రెండు వైపులా నీళ్లు ఇంచుమించు సమానంగా ఉండాలి, కొంచెం లోపలికి లాగినా మంచిదే. 2,500 ఆర్‌పీఎంకి ఎత్తినప్పుడు తేడా పెరుగుతూ పోయి నిలవకపోతే బ్రీదర్ గొట్టాన్ని ఇన్‌టేక్ వైపు ఊడదీసి, కొసని సీసాలో పెట్టి మళ్ళీ చూడండి. ఒత్తిడి పడిపోతే అడ్డు ఇన్‌టేక్ వైపు ఉంది. పడకపోతే ఆ గొట్టమో, గ్యాసులోంచి నూనెని వేరు చేసే ఆయిల్ సెపరేటరో మూసుకుందన్నా అనుకోవాలి, రింగులైనా అనుకోవాలి.

లేత్‌బెడ్:
రింగ్‌గ్యాప్ గారూ, కొలవడం మంచిదే, కానీ అన్ని నేరాలూ బ్రీదర్ మీద వేస్తే ఎలా? ఇంజిన్ కట్టాక వెనక సీలు కారడానికి మామూలు కారణం సీలు వేసిన పద్ధతే. కొత్త సీలు టెఫ్లాన్ పెదవి రకమైతే పొడిగా వేయాలి. మన మిస్త్రీలకి సీలు కనిపిస్తే చాలు నూనె రాసేయడం అలవాటు. పాత రబ్బరు సీళ్లకి అది సరైన పనే, టెఫ్లాన్‌కి మాత్రం నూనె ఉంటే దాని పొర షాఫ్ట్‌కి అంటుకోదు. సీలుతో వచ్చే ప్లాస్టిక్ గైడుని ముందే పారేసి చేత్తో నొక్కితే పెదవి అంచు మడతపడుతుంది. వేశాక ఇంజిన్ తిప్పకుండా నాలుగు గంటలు వదలాలి. ఇవేవీ పైనుంచి కనిపించవు. నీళ్ల గొట్టం పెట్టి పరీక్షలు చేస్తూ కూర్చుంటే ఈలోగా క్లచ్ ప్లేటు నానిపోతుంది, ఆ ఖర్చు ఎవరిది?

రింగ్‌గ్యాప్:
నీళ్ల గొట్టం పరీక్ష అరగంట పని. గేర్‌బాక్స్ దించి ఎక్కించడం ఒక రోజు. క్లచ్ నానేది ఆ అరగంటలో కాదు.

చాంబర్‌ప్లగ్:
మీ ఇద్దరూ నూనె వెనక సీలు నుంచే వస్తోందని ఒప్పేసుకున్నారు. ఎవరు చూశారు? ఈ ఇంజిన్‌లో వాక్యూమ్ పంపు క్యామ్‌షాఫ్ట్ చివర, గేర్‌బాక్స్ వైపే ఉంటుంది. దాని ప్యాకింగ్ కారితే నూనె హెడ్ పక్కగా జారి క్లచ్ బెల్ (క్లచ్‌ని కప్పే గుల్ల) మీదికే దిగుతుంది. కింద పడుకుని చూసినవాడికి అచ్చం వెనక సీలులానే అనిపిస్తుంది. టర్బో నూనె తిరిగి చాంబర్ (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి)లోకి దిగే పైపు కీలు దగ్గర కారినా అంతే, బ్లాకు వెంట ప్రయాణం చేసి చివర్న చుక్క అవుతుంది. తడి మొదలైన అతి ఎత్తైన చోటు దొరికేదాకా సీలు పేరు ఎత్తొద్దు.

బ్రేక్ క్లీనరుతో హెడ్ చివర నుంచి కింద దాకా కడిగి ఆరబెట్టండి. టాల్కం పౌడరు పలచగా చల్లి పది నిమిషాలు లోడు మీద తోలండి, నూనె దారి పొడి మీద గీతలా కనిపిస్తుంది. అది తేలకపోతే ఇంజిన్ ఆయిల్‌లో యూవీ డై కలిపి దీపంతో చూడండి. డై ఇంజిన్ ఆయిల్‌లోనే ఉంది కాబట్టి ఇంకో చిక్కు కూడా తీరుతుంది: క్లచ్ బెల్ అడుగున ఉన్నది మెరవకపోతే అది గేర్ ఆయిల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలుది. గేర్ ఆయిల్ గంధకం వాసన కూడా పట్టిస్తుంది.

లేత్‌బెడ్:
వాక్యూమ్ పంపు మాట ఒప్పుకుంటాను. టర్బో డ్రెయిన్ గురించి ఒకటి చేర్చాలి. టర్బోలో ఉండేవి పిస్టన్ రింగు లాంటి ఇనుప రింగులు, రబ్బరు సీళ్లు కావు. నూనె కిందికి తన బరువుతోనే పోవాలి. డ్రెయిన్ పైపు నిలువు గీత నుంచి 35 డిగ్రీలకు మించి వాలకూడదని టర్బోలు తయారుచేసే గారెట్ చెబుతుంది. కొత్త ప్యాకింగ్ రంధ్రం చిన్నదైనా, గమ్ (సీలెంటు) ఎక్కువ పూసి లోపలికి ఉబ్బినా నూనె వెనక్కి పొంగి టర్బైన్ వైపు దూరుతుంది, పొగ మొదలవుతుంది. ఆ చోట గమ్ పూయనే కూడదు. టర్బో కొస పైపు ఊడదీసి గరాటుతో 200 మి.లీ. నూనె పోయండి, ఆగకుండా గడగడా దిగాలి. ఆయిల్ మట్టం గరిష్ఠ గీత దాటితే డ్రెయిన్ పైపు కింది కొసే మునిగిపోవచ్చు, డిప్‌స్టిక్ కూడా చూడండి. ఈ పరీక్షలో బాగా దిగి కూడా ఇంజిన్ నడిచేటప్పుడు నూనె వెనక్కి పొంగితే లోపలి ఒత్తిడిని అనుమానించాలి. ఇక్కడ రింగ్‌గ్యాప్ మాట నెగ్గుతుంది.

చాంబర్‌ప్లగ్:
కొందరు డిప్‌స్టిక్ గొట్టంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి సబ్బు నీళ్లు చల్లమంటారు. 0.2 బార్ దాటనివ్వకండి, సీళ్లు బయటికి వస్తాయి. చాంబర్ అంచు, చైన్ కవరు, ప్యాకింగులకి ఈ పరీక్ష పనికొస్తుంది.

రింగ్‌గ్యాప్:
వెనక సీలుని మాత్రం దాంతో నిర్దోషి అనకూడదు. పెదవి సాధారణంగా ఇంజిన్ లోపలి వైపే తిరిగి ఉంటుంది, లోపలి గాలి దాన్ని షాఫ్ట్‌కి ఇంకా నొక్కుతుంది. నిలబడి ఉన్న ఇంజిన్‌లో బుడగ రాదు, తిరిగేటప్పుడు మాత్రం కారుతుంది.

డీజిల్‌బండి:
పౌడరు పరీక్ష చేశాం. వాక్యూమ్ పంపు పొడిగా ఉంది. టర్బో పైపు పొడిగానే ఉంది. పైన తడి లేదు. ఐడిల్‌లో నీళ్లు సమానం, 2,500 దగ్గర ఒక సెంటీమీటరు తేడా, అక్కడే నిలిచింది. క్లచ్ బెల్ అడుగు రంధ్రంలోంచి డై మెరుస్తోంది.

రింగ్‌గ్యాప్:
సరే, దించండి. ఈ అంకెలకి బ్రీదర్‌ని తప్పుపట్టలేను.

లేత్‌బెడ్:
దించాక సీలు ఒక్కటే మార్చి మూసేయకండి. క్రాంక్ మీద పాత పెదవి చేసిన గాడిని గోరుతో గీకి చూడండి, గోరు తగిలితే ఎమెరీ పేపరుతో రుద్దడం పరిష్కారం కాదు. కొత్త సీలుని 1 నుంచి 2 మి.మీ. ముందుకో వెనక్కో కూర్చోబెట్టగలిగితే కొత్త చోట నడుస్తుంది, లేకపోతే పలచటి రిపేరు స్లీవు తొడగాలి. సీలు హౌసింగ్ అడుగు మూల చాంబర్‌తో కలిసే చోట గమ్ 3 మి.మీ. వెడల్పు మించనీయకండి, మిగులు లోపల ఊడితే నేరుగా పికప్ జాలీకి (ఆయిల్ పంపు నూనె పీల్చే చోట ఉండే జల్లెడ) పోతుంది. గమ్ ఎండడానికి రోజంతా ఇచ్చాకే నూనె పోయండి. ఫ్లైవీల్ బోల్టు రంధ్రాల్లో నూనె తడి ఉందేమో కూడా చూడండి. చాలా ఇంజిన్లలో ఆ రంధ్రాలు క్రాంక్‌లోంచి ఆరపార ఉంటాయి, మరకి సీలెంటు లేకుండా బిగిస్తే నూనె మర వెంటే పాకి ఫ్లైవీల్ ముఖం మీదికి వస్తుంది, కొత్త సీలు వేసినా చుక్క ఆగదు.