ప్రధాని పాలించే గణతంత్రంలో అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలి?

శశాంక్: జనమే నేరుగా ఎన్నుకోవాలంటాను. చట్టసభలకు వదిలేస్తే పార్టీ అధిష్ఠానాలు పేరు తేలుస్తాయి, సభ్యులు వెళ్లి ఓటేసి వస్తారు. పీటముడి పడితే కుర్చీ ఖాళీ. లెబనాన్‌లో 2014 మే నుంచి 2016 అక్టోబరు దాకా, మళ్లీ 2022 అక్టోబరు నుంచి 2025 జనవరి దాకా అధ్యక్షుడే లేడు. స్లొవేకియా పార్లమెంటు 1998లో ఎవరినీ ఎన్నుకోలేకపోయింది, 1999లో ఆ ఓటు జనానికే ఇచ్చారు.

లలిత: శశాంక్ గారూ, లెబనాన్‌లో అడ్డం పడింది కోరం. 128 మంది సభలో 86 మంది వస్తేగానీ ఓటింగ్ మొదలవదు. అంటే 43 మంది రాకుండా ఉంటే చాలు, ఎన్నిక ఆగిపోతుంది. గ్రీసుదీ నియమం తెచ్చిన చిక్కే. మూడో రౌండులో కూడా 300కి 180 ఓట్లు రాకపోతే పార్లమెంటు రద్దు అని రాసుకున్నారు. ఎన్నికలు కోరుకునే ప్రతిపక్షం ఇక ఓటెందుకు వేస్తుంది? 2014 డిసెంబరులో 168 దగ్గర ఆగింది, సభ రద్దయింది. 2019 సవరణతో ఆ రద్దు తీసేశారు; చివరి రౌండులో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారే అధ్యక్షులు. జర్మనీలో ఇప్పటి రాజ్యాంగం మొదటినుంచీ అంతే: రెండు రౌండ్లు సగానికి మించి రావాలి, మూడో రౌండులో ఎక్కువ వస్తే చాలు.

మూర్తి: అధిష్ఠానం మాట చెల్లాలంటే ఎవరు ఎటు వేశారో తెలియాలి కదా. భారత్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు వేసే ఈ ఎన్నిక రహస్య బ్యాలెట్‌తో, ప్రాధాన్య ఓటుతో (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస అంకెలు వేయడం) జరుగుతుంది. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలో స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. గెలవడానికి కావలసిన కోటా 4,18,169, ఎవరూ అందుకోలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని ఒక్కొక్కరిగా తీసేసి, వారి రెండో ప్రాధాన్యాలు పంచాక గిరి 4,20,077తో గెలిచారు. ఇన్ని రౌండ్లకూ సభ్యులు ఓటేసింది ఒక్కసారే.

శశాంక్: ఒప్పుకుంటాను, పీటముడి నియమంతో విప్పొచ్చు. కానీ ప్రాధాన్య ఓటు జనం చేతికే ఇస్తే ఇంకా మేలు కదా? ఐర్లండ్ 1990 చూడండి. మొదటి లెక్కింపులో లెనిహన్‌కు 44 శాతం, మేరీ రాబిన్సన్‌కు 39 శాతం. మూడో స్థానంలో ఉన్న కరీ ఓట్లు బదిలీ అయ్యాక రాబిన్సన్ దాదాపు 52 శాతంతో గెలిచారు. ఆ బదిలీ లేకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్ 2002లో చూసింది: వామపక్ష ఓటు చీలి, సోషలిస్టు అభ్యర్థి జోస్పాన్ 16.18 శాతంతో, అతిమితవాద అభ్యర్థి లె పెన్ 16.86 శాతం కన్నా వెనకబడి, రెండో రౌండుకే రాలేదు.

లలిత: అదే ఐర్లండ్‌లో 2004లో పోలింగే జరగలేదు, మేరీ మెకలీస్ ఏకగ్రీవం. కొత్తవాళ్లు నామినేషన్ వేయాలంటే 20 మంది పార్లమెంటు సభ్యులో, 4 స్థానిక కౌన్సిళ్లో బలపరచాలి. ఓటు జనానిదే అయినా బ్యాలెట్ మీద పేర్లు పార్టీలవే అవుతాయి. మీ వాదం నిలవాలంటే ముందు ఈ గేటు తెరవాలి.

శశాంక్: సంతకాలతో తెరవొచ్చు. ఫిన్లాండ్‌లో 20,000 మంది ఓటర్లు కలిస్తే అభ్యర్థిని నిలబెట్టొచ్చు.

మూర్తి: సంతకాలు పెడితే సరిచూసే పద్ధతి కూడా చట్టంలోనే తేటగా ఉండాలి. చెక్ రిపబ్లిక్ 50,000 సంతకాలు పెట్టింది. మొదటి ప్రత్యక్ష ఎన్నిక ముందు, 2012లో, అధికారులు రెండు నమూనాలు తీసి, రెండింటి తప్పుల శాతాలను సగటు చేయకుండా కూడేశారు. దాంతో చెల్లని సంతకాల లెక్క రెట్టింపైంది. కోర్టు సరిదిద్దాక, తీసేసిన ఒక అభ్యర్థి మళ్లీ బరిలోకి వచ్చారు.