సూప్రామాలిక్యులర్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ: సింథసిస్ వైపు వెళ్లాలా, లేజర్ల వైపా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఈ మధ్యే అయిపోయింది. ప్రాజెక్టులో జింక్ పార్ఫిరిన్ (క్లోరోఫిల్‌లాంటి వలయాకార అణువు, మధ్యలో జింక్) తయారు చేశాను. కాలమ్‌లో (పదార్థాల్ని వేరుచేసే గొట్టంలో) ఆ ఊదారంగు పట్టీ మెల్లగా కిందికి దిగుతుంటే అన్నం సంగతే మర్చిపోయాను. యూవీ ల్యాంపు కింద పెడితే ఎర్రగా వెలిగింది. ఇమిడజోల్ (నైట్రోజన్ ఉన్న చిన్న వలయం) తగిలించిన ఫుల్లరీన్‌ని (కార్బన్ పరమాణువుల బంతిని) అందులో చుక్కచుక్కగా కలుపుతుంటే ఆ వెలుగు తగ్గిపోతూ వచ్చింది. ఇమిడజోల్ నైట్రోజన్ జింకుని పట్టుకున్నాక, వెలుతురు పడితే పార్ఫిరిన్ ఎలక్ట్రాన్ ఫుల్లరీన్‌కి దాటుతుందట. కిరణజన్య సంయోగక్రియలో క్లోరోఫిల్ చేసే మొదటి పని కూడా ఇలాంటిదే కదా! అణువులు ఇలా బలహీన బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకోవడాన్ని చదివేదే సూప్రామాలిక్యులర్ కెమిస్ట్రీ. అప్పటినుంచి మనసంతా దీనిమీదే ఉంది.

కానీ వెలుగు తగ్గినంత మాత్రాన ఎలక్ట్రాన్ దాటినట్టు రుజువు కాదు, ఎలక్ట్రాన్ కదలకుండా శక్తి మాత్రమే బదిలీ అయి ఉండొచ్చు కూడా. తేల్చాలంటే ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (అతి స్వల్పకాలపు లేజర్ మెరుపులతో) చూడాలి. ఇక్కడే నాకు టెన్షన్. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డెవెన్స్ గస్ట్, ఆయనతో కలిసి థామస్, ఆనా మూర్ దంపతులు కెరొటినాయిడ్ (క్యారెట్‌లో ఉండేలాంటి రంగు పదార్థం)–పార్ఫిరిన్–ఫుల్లరీన్ అణువులు కట్టినట్టు నాకూ కట్టాలనుంది. ఫిజిక్స్, లెక్కలు మాత్రం అంతంతే.

ఈ దారిలో పీహెచ్‌డీ చేసినవాళ్లు చెప్పండి: అణువులు కట్టడం నేర్చుకుని, లేజర్ కొలతలు వేరే ల్యాబ్‌తో కలిసి చేస్తే సరిపోతుందా? లేక రెండూ ఉన్న గ్రూపు కోసం ఇంకో ఏడాది ఆగమంటారా? పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి) వెళ్లేటప్పుడు ఏది ఎక్కువ అక్కరకొచ్చింది? ఇంట్లోవాళ్లు ఫార్మా ఉద్యోగం చూసుకోమంటున్నారు, వాళ్లకి నెలాఖరులోగా జవాబు చెప్పాలి.