సైకిల్ మీద ఫ్రీ లెఫ్ట్ దాటేదెలా? బస్సువాళ్లూ, కార్లవాళ్లూ కూడా చెప్పండి

మియాపూర్_సైకిల్:
ఏడాదిగా మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్తున్నాను. రోడ్డు మీద తొక్కుతున్నంతసేపూ ఏమీ అనిపించదు. సిగ్నల్ కనిపిస్తే చాలు, టెన్షన్ మొదలు. నేను నేరుగా పోవాలి. ఎడమ అంచున ఆగితే, సిగ్నల్‌తో పనిలేకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం వచ్చానని వెనక కార్లు హారన్‌తో చెవులు చిల్లులు చేస్తాయి. కుడికి జరిగితే లైటు పచ్చబడగానే బైకులు రెండు పక్కల నుంచీ ముసురుకుంటాయి. మొన్న మంగళవారం ఎడమకు తిరుగుతున్న బస్సు వెనక చక్రం నా హ్యాండిల్‌కు జానెడు దూరంలో పోయింది. టైరు గాడుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు కూడా కనిపించాయి. మీరైతే ఎక్కడ ఆగుతారు? "హెల్మెట్ పెట్టుకో" అని మాత్రం చెప్పకండి, పెట్టుకునే ఉన్నాను.

ఆదివారం_రైడర్:
ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్లకి సోలార్ ట్రాక్ ఉందిగా బ్రో. 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ ప్యానెళ్లు, ఎండ తగలదు. నేను ప్రతి ఆదివారం సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్తా.

మియాపూర్_సైకిల్:
సైకిల్‌ని కారులో మోసుకెళ్లే చోటు గురించి కాదన్నా. సోమవారం పొద్దున సంగతి చెప్పండి.

స్టీరింగ్_బాబాయ్:
పంతొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నా. డ్రైవర్‌ని వెనకేసుకు రావడం లేదు గానీ తమ్ముడూ, ఒక సంగతి తెలుసుకో. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు. మూలను కోసుకుంటూ లోపలికి వస్తాయి. ముందు భాగం దాటిపోయింది కదా అని నువ్వు అక్కడే నిలబడితే వెనక భాగం నీ మీదికి వస్తుంది. ముందు డోరు పక్కన కింద ఉన్న సైకిల్ నాకు కనబడదు. మెట్ల మీద నలుగురు వేలాడుతుంటే అద్దమే కనబడదు. అద్దంలో నా మొహం నీకు కనబడటం లేదంటే నువ్వూ నాకు కనబడనట్టే. ఫుట్‌పాత్‌కీ బస్సుకీ మధ్య సందులోకి ఎప్పుడూ దూరకు. బస్సు వెనకే ఆగు, పొగ పీల్చినా పరవాలేదు.

ఇక మా బాధ. బస్సులు ఆగడానికి రోడ్డు పక్కన వదిలిన బస్ బేలో బస్సు తప్ప అన్నీ ఉంటాయి. ఆటోలు, కొబ్బరి బోండాల బండి, ఎవరిదో పెళ్లి కారు. ఎప్పుడైనా ఖాళీగా ఉందని లోపలికి పోతే మళ్లీ బయటికి రానిచ్చేవాడు ఉండడు. అందుకే రోడ్డు మీదే ఆపుతాం. తిట్లు తినడం అలవాటైపోయింది.

నిజాంపేట_కారు:
హారన్ కొట్టేవాళ్లలో నేనూ ఒకణ్ని, ఒప్పుకుంటున్నా. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసుల ఆపరేషన్ రోప్ మొదలైనప్పుడు స్టాప్ లైన్ దాటితే వంద, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం నిలిస్తే వెయ్యి అన్నారు. అప్పట్నుంచి ఎడమ లేన్ అంటేనే భయం. కొన్ని జంక్షన్లలో ఎడమ లేన్ ఎక్కడ ఫ్రీ లెఫ్ట్ అయిపోతుందో దగ్గరికి పోయేదాకా తెలియదు. గీత చెరిగిపోయి ఉంటుంది. నేరుగా పోవాల్సినవాణ్ని ఇరుక్కుపోతా, వెనకవాళ్లు నన్ను తిడతారు, నేను ముందున్న సైకిల్‌ని తిడతా.

5కె_ప్రయాణికురాలు:
మీరంతా చక్రాల మీదే మాట్లాడుతున్నారు. బస్సు ఎక్కేవాళ్లం ముందు నడవాలి కదండీ. ఫ్రీ లెఫ్ట్‌కి రెడ్ లైటే లేదు కాబట్టి నడిచేవాళ్లకి వంతే రాదు. మా అత్తయ్యని చేయి పట్టుకుని దాటించాలంటే ఎవరో ఒక ముసలాయన స్కూటర్ ఆపి "పోండమ్మా" అనాలి. డిసెంబరు 2023లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక స్టాపుల్లో జనం పెరిగారు, షెల్టర్ మాత్రం అంతే ఉంది. మిగతావాళ్లం రోడ్డు మీద నిలబడతాం. మేం ముందుకొస్తే బస్సు ఇంకాస్త మధ్యలో ఆగుతుంది. వెనక సైకిల్ మీరు.

రోడ్లు_గీసేవాణ్ని:
ఇలాంటి డిజైన్లే నా ఉద్యోగం, కాస్త పొడుగైతే తిట్టుకోకండి. పైన అందరూ చెప్పినవి వేరు వేరు సమస్యలు కావు, మూల ఒక్కటే. ఫ్రీ లెఫ్ట్ కోసం మూలను పెద్ద వంపుగా గీస్తాం. వంపు ఎంత పెద్దదైతే బండి అంత వేగంగా తిరుగుతుంది. అదే మూలను బిగిస్తే, అంటే ఫుట్‌పాత్‌ని ముందుకు జరిపితే, బ్రేకు వేయక తప్పదు, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. పెద్ద బస్సు తిరగగలదా అని ముందే చూసుకోవాలి, లేకపోతే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. మేం సిమెంటు పోసే ముందు కోన్లూ ముగ్గూ పెట్టి ఒక వారం చూస్తాం. నిజంగా ముగ్గే, సున్నం పొడి.

రెండోది బస్ స్టాప్. చాలాచోట్ల సిగ్నల్‌కి ముందే ఉంటుంది. జనం ఎక్కేలోపు పచ్చ లైటు అయిపోతుంది, బస్సు మళ్లీ ఎర్ర లైటు దగ్గర ఆగుతుంది. ఈలోగా ఫ్రీ లెఫ్ట్ మూసుకుపోతుంది. స్టాప్‌ని జంక్షన్ దాటాక పెడితే రెండు ఆగుళ్లు ఒకటవుతాయి. మరీ దగ్గరగా పెట్టకూడదు, ఒకేసారి మూడు బస్సులొస్తే తోక జంక్షన్‌లోకి వస్తుంది.

ఇక స్పీడ్ బ్రేకర్. రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క ప్రకారం గుండ్రంగా, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు; గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటేలా. మన వీధుల్లో రాత్రికి రాత్రి వెలిసే బొడిపెలకీ దానికీ సంబంధం లేదు.

వేపగుంట_బస్సు:
మా విశాఖలో బీఆర్‌టీఎస్ ఉంది, రోడ్డు మధ్యలో బస్సులకి వేరే దారి. జంక్షన్ల మధ్య హాయిగానే ఉంటుంది. జంక్షన్ వచ్చేసరికి అందరితోపాటే. ఆటోలూ బైకులూ ఆ దారిలోకి వచ్చేస్తాయి, ఎవరూ అడగరు.

ఒకప్పటి_ఢిల్లీవాసి:
ఢిల్లీలో అదే జరిగింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సుల దారి, 2008లో మొదలుపెట్టి 2016లో తవ్వేశారు. చిరాగ్ ఢిల్లీ సిగ్నల్ దగ్గర కార్లలో కూర్చున్నవాళ్ల అసహనం చూశాను. బస్సులో ఉన్నవాళ్లం మాత్రం త్వరగానే వెళ్లేవాళ్లం. టీవీ మైకులు కార్ల దగ్గరికే వెళ్లాయి. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైంది ఇంకా నడుస్తోంది, కాబట్టి మన దేశంలో కుదరదు అనడం ఒప్పుకోను.

మెల్‌బోర్న్_తెలుగోడు:
ఇక్కడా ఎడమ వైపే నడుపుతాం కాబట్టి పోలిక సరిపోతుంది. చాలా జంక్షన్లలో స్టాప్ లైన్‌కి ముందు సైకిళ్లకి ఒక పెట్టె గీసి ఉంటుంది. కార్ల ముందు, అందరి కంటికీ కనబడేలా ఆగుతాం. కుడికి తిరగాలంటే మధ్యలోకి రానక్కర్లేదు. పచ్చ లైటుకి నేరుగా అవతలి మూలకి వెళ్లి ఆగాలి, అడ్డ రోడ్డుకి పచ్చ పడగానే వాళ్లతో పాటు పోవాలి. దీన్ని హుక్ టర్న్ అంటారు. సిటీలో ట్రామ్ రోడ్ల మీద కొన్నిచోట్ల కార్లు కూడా ఎడమ పక్క నుంచే కుడికి తిరుగుతాయి. వచ్చిన కొత్తలో నాకు మతిపోయింది. బస్సుకైతే కొన్ని సిగ్నళ్లలో తెల్ల "బి" లైటు ముందు వెలుగుతుంది. కొన్ని సెకన్లు ముందు కదిలితే చాలు, మీ బాబాయ్ గారికి లేన్‌లో చోటు దొరుకుతుంది.

సత్యనారాయణపురం_తాత:
బాబూ, ఆ మెల్‌బోర్న్ విద్య బెజవాడలో పాలవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. రెండు పక్కలా క్యాన్లు వేలాడుతుంటే నడిరోడ్డులో మలుపు తిప్పలేరు. అవతలికి వెళ్లి, కాలు కింద పెట్టి, హ్యాండిల్ తిప్పుకుని పోయేవాళ్లు. దానికి పేరుందని ఇవాళే తెలిసింది.

కూకట్‌పల్లి_పిల్లర్:
యూ టర్నుల గురించి ఎవరూ ఎత్తలేదే? జంక్షన్ మూసేసి యూ టర్న్ పెడితే కారుకి సిగ్నల్ తప్పుతుంది. సైకిల్ మాత్రం ఎడమ అంచు నుంచి మూడు లేన్లు కోసుకుని మెట్రో పిల్లర్ దాకా పోవాలి. ఆ పిల్లరే ఎదురొచ్చే బండిని దాచేస్తుంది. నేను దిగి, సైకిల్‌ని నడిపించుకుంటూ దాటుతా. సిగ్గేం లేదు.

మియాపూర్_సైకిల్:
నాలుగు రోజులు ప్రయత్నించి రాస్తున్నా. బాబాయ్ చెప్పినట్టు బస్సు వెనక ఆగాను, సగం భయం పోయింది. ఫ్రీ లెఫ్ట్‌కి యాభై అడుగుల ముందే చెయ్యి చాపి రెండో లేన్‌లోకి వస్తున్నా. చివర్లో జరగడమే నా పొరపాటు. కుడి మలుపుకి పాలవాళ్ల పద్ధతి. ఒక లైటు ఎక్కువ ఆగాలి, అంతే.

నిన్న సాయంత్రం టేపు పట్టుకెళ్లి మా జంక్షన్ కొలిచా. బస్ స్టాప్ పోల్ నుంచి స్టాప్ లైన్‌కి 14 మీటర్లు. ఒక బస్సు పట్టి కాస్త మిగులుతుంది, రెండోది వస్తే ఫ్రీ లెఫ్ట్ మూసుకుపోయినట్టే. పక్కనే టీ బండి అతను "పొద్దున ఎనిమిదిన్నరకి రండి సార్, నాలుగు బస్సులు చూపిస్తా" అన్నాడు. దరఖాస్తు రాస్తున్నా. రోడ్లు_గీసేవాణ్ని గారూ, స్కెచ్‌లో వంపు కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకోవాలి?

రోడ్లు_గీసేవాణ్ని:
ఫుట్‌పాత్ రాయి వంగడం మొదలైన చోటు నుంచి మళ్లీ తిన్నగా అయ్యే చోటుదాకా. ఫోటో పెట్టండి, గీసిస్తా. ఎనిమిదిన్నరకి ఆ నాలుగు బస్సుల ఫోటో కూడా.