కాకినాడ కుంభాభిషేకం చేపల రేవులో బేరం ఆడాలా, అడిగినంత ఇచ్చేయాలా?

బాబ్జీ_హైదరాబాద్: మొన్న ఆదివారం పెళ్లికొచ్చి, తెల్లారగానే కుంభాభిషేకం రేవుకి వెళ్లాను. ఒకామె వంజరం చేప కిలో తొమ్మిది వందలంది. రెండు కిలోలు తీసుకుని, మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. ఇంటికొచ్చాక మా బావ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. బయటినుంచి వచ్చినవాళ్లు బేరమాడాలంటారా?

జగన్నాథపురం: మీ బావ చెప్పిందే రైటు. నేను ముప్పై ఏళ్లుగా ఉప్పుటేరు ఇవతలే ఉంటున్నా. ఆదివారం కార్లేసుకొచ్చి, అడిగినంత ఇచ్చి, ఫొటోలు దిగి పోతారు. సోమవారం నేను వెళ్తే "నిన్న తొమ్మిది వందలకి పోయింది బాబూ" అంటారు. మా ఇంట్లో వంజరం ఇప్పుడు పండక్కే. మిగతా రోజులు కానాగంతలు, కవళ్లు లాంటి చవక చేపలే.

పీతలపులుసు: ఆ రెండు కిలోలు కోతకి ముందు తూకమా, తర్వాతా? అది తేలకుండా ధర గురించి ఏం మాట్లాడతాం?

ఉప్పుగాలి: మా అమ్మ అదే రేవులో 22 ఏళ్లు చేపలమ్మింది. పడవ రాగానే వేలంపాట పెడతారు. పాడుకున్న గంపకి అప్పటికప్పుడు డబ్బు కట్టాలి. ఆ డబ్బు వడ్డీకి తెచ్చిందే. ఆ పైన ఐసు, ఆటో. ఎండెక్కితే మొప్పల ఎరుపు పోతుంది, ధర పడిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు గంప బోర్లించి పెట్టేది. మీకు రెండొందలు ఎక్కువయ్యాయా?

జగన్నాథపురం: అప్పులు నాకూ ఉన్నాయండీ. ప్రైవేటు బడిలో గుమాస్తాని, ఎండాకాలం జీతమే రాదు. పోయినేడు కిలో అని ఇచ్చిన చేప ఇంట్లో తూస్తే 750 గ్రాములుంది.

పీతలపులుసు: కోసింది తూశారా?

జగన్నాథపురం: కోసిందే.

పీతలపులుసు: తలా పేగులూ తీసేస్తే అంతే ఉంటుంది మరి.

జగన్నాథపురం: అదేదో ముందే చెప్పొచ్చుగా! వాళ్లంతా అంతే.

ఉప్పుగాలి: "వాళ్లంతా" అంటే ఎవరండీ? మా అమ్మకి బేరమంటే ఇష్టమే. బేరమాడకుండా వెళ్లిపోతే చేపలో ఏం లోపం చూశారో అని కంగారుపడేది. "ఏయ్, ఎంతకిస్తావే" అంటూ కాలితో గంప జరిపేవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. వాళ్లే షోరూముకెళ్తే సారూ, మేడమూ అంటారు.

బాబ్జీ_హైదరాబాద్: నేను "అమ్మా" అనే పిలిచానండీ.

ఉప్పుగాలి: మిమ్మల్ని అనలేదు.

జగన్నాథపురం: అయితే నన్నన్నట్టేగా. నేనేనాడూ కాలు తగలనివ్వలేదు. నేను కొనే ఆమెని మా పెద్దాడి పురుడప్పటి నుంచి ఎరుగుదును. చేతిలో డబ్బు లేకపోతే "రేపివ్వులే బాబూ" అని సావడాయి చేపలు సంచిలో వేసేది. ఇప్పుడు కారాగితే "కాసేపుండు" అని నన్ను పక్కకి నిలబెడుతోంది. మొన్న ముప్పావుగంట నిలబడ్డాను. ధర సంగతి తర్వాత.

ఉప్పుగాలి: ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ. అయినా ఆవిడ ఆ రోజు వడ్డీ ఆ రోజే కట్టాలి. కారుని వదులుకోమంటారా?

జగన్నాథపురం: వదులుకోమనట్లేదు. నిలబెట్టినందుకు ఒక మాట అనొచ్చుగా.

పీతలపులుసు: కోత కూలి విడిగా తీసుకుంటున్నారా, ధరలోనేనా?