డిలన్ పాత్ర టీవీలో కాన్రాడ్‌కి ఇవ్వకపోవడం అన్యాయమేనా?

చెవిపోగు:
'గన్‌స్మోక్' అనే కౌబాయ్ రేడియో నాటకం అమెరికాలో సీబీఎస్ నెట్‌వర్క్‌లో 1952 నుంచి 1961 దాకా వచ్చింది. అన్నాళ్ళూ అందులో హీరో, పోలీసు అధికారి లాంటి మార్షల్ మాట్ డిలన్ అంటే విలియం కాన్రాడ్ గొంతే. 1955లో టీవీకి తీసుకెళ్ళి ఆ పాత్ర జేమ్స్ ఆర్నెస్‌కి కట్టబెట్టారు. కాన్రాడ్ పొట్టిగా, లావుగా ఉంటాడు. ఆర్నెస్ ఆరడుగుల ఏడంగుళాలు. అదీ సంగతి. పచ్చి అన్యాయం.

గళ్ళచొక్కా:
టీవీ అంటే చూసేది కదండీ! ఆర్నెస్‌తో 20 ఏళ్ళు, 635 ఎపిసోడ్లు నడిచింది.

చెవిపోగు:
నడిస్తే న్యాయమైపోతుందా? కాన్రాడ్‌తో పాటు పార్లీ బేర్, హోవర్డ్ మెక్‌నియర్, జార్జియా ఎలిస్... రేడియోలో ముఖ్యులు నలుగురినీ పక్కన పెట్టారు. ఒక్కసారి వినండి. చెక్క మెట్ల మీద డిలన్ నాలుగడుగులు వేస్తాడు, బూట్ల మడమలకుండే స్పర్లు గల్లుమంటాయి, ఆగుతాడు. మాట ఉండదు. ఆ నడకలోనే మనిషి ఎంత అలిసిపోయాడో తెలుస్తుంది. అదీ నటన.

గళ్ళచొక్కా:
ఆ అడుగులు కాన్రాడ్‌వి కావు. సౌండ్ ఎఫెక్ట్స్ వాళ్ళవి.

కొత్తసభ్యుడు:
టీవీ రాగానే రేడియోలో ఆపేశారా?

పాతట్రాన్సిస్టర్:
లేదు, ఆరేళ్ళు రెండూ నడిచాయి. అటు బొమ్మ, ఇటు గొంతు.

చెవిపోగు:
గళ్ళచొక్కా గారూ, అడుగుల దగ్గరే పట్టుకు వేలాడుతున్నారేం? నేను పదకొండేళ్ళు డబ్బింగ్ చెప్పినవాణ్ణి. ఒకసారి తెర మీద చిన్న వేషం అడిగితే నన్ను ఎగాదిగా చూసి "మీ గొంతు చాలు సార్" అన్నారు. కాన్రాడ్ కడుపులో ఏం రగిలిందో నాకు తెలుసు.

గళ్ళచొక్కా:
మీకు రగిలింది కాబట్టి ఆయనకీ రగిలిందంటారు. ఆయన తర్వాత టీవీ 'గన్‌స్మోక్' ఎపిసోడ్లకే దర్శకత్వం చేశాడు. 1971లో 'కేనన్' టీవీ సీరియల్ వచ్చింది, అదే లావు శరీరంతో హీరో డిటెక్టివ్. ఐదేళ్ళు ఆడింది!

చెవిపోగు:
పదహారేళ్ళ తర్వాత! ఆకలేసినప్పుడు పెట్టరు, వయసు మీరాక విందు భోజనం.

గళ్ళచొక్కా:
అయ్యా, ఇక నా సంగతీ వినండి. మన రేడియో నాటకాలకి అలాంటి అడుగులు వేసింది నేను. ట్రేలో ఇసుక పోసి, చేతులకి బూట్లు తొడుక్కుని, నటుడు ఊపిరి పీల్చే క్షణం చూసి ఆపేవాణ్ణి. శ్రోతలు "ఎంత బాగా నడిచాడో" అని ఆ నటుడికి ఉత్తరాలు రాసేవారు. ఇందాక మీరన్నదీ అదే మాట. డిలన్ మొత్తం కాన్రాడ్ సొత్తు అంటున్నారే, అక్కడే నాకు మండింది. ఆర్నెస్ గురించి కాదు.

పాతట్రాన్సిస్టర్:
ఈ ముక్క మొదటే చెప్పొచ్చు కదా మాస్టారూ!

చెవిపోగు:
నాకేం తెలుసు మీరు ఆ పని చేశారని? నాలుగడుగుల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ తర్వాత మాట్లాడింది మాత్రం కాన్రాడే. ఆ వేషం ఆయనదే.

గళ్ళచొక్కా:
గొంతు ఆయనది. వేషం అనకండి.